మూడు వందల రూపాయల సీబీపీ: హనుమకొండలో ఒక రక్తపరీక్షా కేంద్రంపై సమీక్ష

హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ వైపు నడుస్తుంటే మందుల దుకాణాల పైనా, ఆసుపత్రుల పక్కనా, టిఫిన్ సెంటర్ల మధ్యనా రక్తపరీక్షా కేంద్రాల బోర్డులు వరసగా కనిపిస్తాయి. అన్నింటి మీదా దాదాపు అవే మాటలుంటాయి: అంతా ఆటోమేటిక్, కచ్చితమైన ఫలితాలు, ఇంటికే వచ్చి నమూనా సేకరణ. వీటిలో ఏది మంచిదో బయటి నుంచి చూసి చెప్పడం కష్టం; ఇడ్లీ బాగుందో లేదో నాలుక చెబుతుంది గాని, చేతికొచ్చిన రిపోర్టు సరైనదో కాదో చెప్పగల ఇంద్రియమేదీ రోగికి లేదు. ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక, ఈ ఏడు వానాకాలంలో నాకే అవసరం పడి వెళ్లిన ఒక కేంద్రాన్ని కొంత శ్రద్ధగా గమనించాను. దాని మంచి, చెడు రెండూ రాస్తున్నాను కాబట్టి పేరు మాత్రం రాయడం లేదు.

వినాయక చవితి దాటిన వారంలో పరకాల దగ్గరి మా పత్తి చేను గట్టు మీద కుడి పాదంలో తుమ్మ ముల్లు దిగింది. ముల్లు తీసేశాననుకున్నాను, కొన మాత్రం లోపలే విరిగి ఉండిపోయింది. నాకు పదకొండేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. అరికాలి స్పర్శ కాస్త తగ్గినందువల్ల మొదటి రోజు పట్టించుకోలేదు. మూడో రోజుకు పాదం ఎర్రగా వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండి, రాత్రికి 102 డిగ్రీల జ్వరం వచ్చింది. డాక్టరు గారు పుండు చూసి, చీము తీయడానికి ముందు సీబీపీ (రక్తంలోని కణాలన్నింటి లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో పోరు జరుగుతున్నప్పుడు రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్ కొలత), చక్కెర పరీక్షలు చేయించుకుని రమ్మన్నారు. సీబీపీకి 300 రూపాయలు తీసుకున్నారు. ఆ మూడు వందలకు నేను కొన్న సరుకు ముఖ్యంగా తెల్ల రక్త కణాల లెక్క కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ లెక్క గురించే ఉంటుంది.

ముందుగా ఒక ఫిర్యాదు. కేంద్రం రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. వాచిన కాలితో ముప్పై ఎనిమిది మెట్లు ఎక్కించే రక్తపరీక్షా కేంద్రానికి ఎన్ని హంగులున్నా ఒక మార్కు తగ్గించక తప్పదు. అయితే పైకి వెళ్లాక జరిగినది నన్ను మెత్తబరిచింది. నమూనా తీసే అమ్మాయి నా చీటీ చూసి, చెయ్యి పట్టుకోకుండా కుర్చీ చూపించి, "సార్, మెట్లెక్కి వచ్చిండ్రు, జరసేపు కూసోండ్రి, తర్వాత తీస్త" అంది. పదిహేను నిమిషాలు కూర్చోబెట్టింది. పక్కన ఉన్న పెద్దమనిషి దీన్ని ఆలస్యం కిందే జమకట్టి విసుక్కున్నాడు గాని, ఆ అమ్మాయి చేసినది శాస్త్రసమ్మతమైన పని. మన రక్తనాళాల్లో ఉండే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాల్లో సుమారు సగం ప్రవాహంలో తిరగకుండా నాళాల గోడలకు ఆనుకుని ఉంటాయి. మెట్లెక్కినా, పరుగెత్తినా, భయపడినా, స్టెరాయిడ్ మందులు వాడినా అవి గోడ వదిలి ప్రవాహంలోకి దిగుతాయి. అప్పుడు ఎముక మజ్జ కొత్తగా ఒక్క కణాన్ని పంపకపోయినా లెక్క పెరిగినట్లు కనిపిస్తుంది. లిఫ్టు లేని లోటును కుర్చీతో కొంత పూడ్చారన్న మాట.

సూది ఒక్కసారికే నరం పట్టింది. కొత్త సూదిని నా ఎదుటే విప్పి, పని కాగానే దాన్ని తెల్లని గట్టి డబ్బాలో వేశారు. రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలోకి తీసుకున్నారు. గడ్డకట్టకుండా దాని అడుగున ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. గొట్టాన్ని విదిలించి కుదపకుండా ఏడెనిమిది సార్లు మెల్లగా తలకిందులు చేసి కలపడం గమనించాను. తర్వాత గాజు పలక మీద ఒక చుక్క వేసి, మరో పలక అంచుతో లాగి, ఇరవై నిమిషాల్లోపే రక్తపు పొర సిద్ధం చేశారు. ఈ తొందర చాలా అవసరం. న్యూట్రోఫిల్స్ రక్తంలో గంటల లెక్కన బతికే అల్పాయుష్కులు. గొట్టంలో కొన్ని గంటలు నిలవ ఉంటే వాటి లోపల బుడగల వంటి ఖాళీలు ఏర్పడి, కేంద్రకాలు చెదిరి, నిజంగా జబ్బు వల్ల వచ్చిన మార్పేదో, నిలవ వల్ల వచ్చిన మార్పేదో తేల్చుకోలేని స్థితి వస్తుంది. ఊళ్ల నుంచి మోటారు సైకిల్ మీద పెట్టెలో వచ్చే నమూనాల సంగతి అడిగితే, అక్కడే పొర లాగి ఆరబెట్టి పంపమని చెబుతామని, అందరూ పాటించరని నిజాయితీగానే ఒప్పుకున్నారు.

తర్వాతి పని యంత్రానిది. 1953లో అమెరికాలో వాలెస్ కూల్టర్ పేటెంటు పొందిన సూత్రమే ఇప్పటికీ చాలా యంత్రాలకు పునాది: సన్నని రంధ్రం గుండా కణం వెళ్లినప్పుడల్లా విద్యుత్ నిరోధంలో చిన్న ఎగుడు వస్తుంది, ఎగుళ్లను లెక్కిస్తే కణాల సంఖ్య, వాటి ఎత్తును కొలిస్తే కణాల పరిమాణం తెలుస్తాయి. తెల్ల కణాలను లెక్కించే ముందు ఎర్ర కణాలను రసాయనంతో పగలగొట్టేస్తారు, లేకపోతే ఆరేడు వందల ఎర్ర కణాలకు ఒకటి చొప్పున ఉండే తెల్ల కణం ఆ గుంపులో కనబడనే కనబడదు. చవక యంత్రాలు తెల్ల కణాలను మూడు రకాలుగా మాత్రమే విడదీసి, మధ్య సైజు కణాలన్నింటినీ ఒకే గంపలో వేస్తాయి. ఈ కేంద్రంలో ఉన్నది అయిదు రకాలుగా విడదీసే యంత్రం. బోర్డు మీద రాసిన మాటల్లో నిజమని నేను స్వయంగా సరిచూసుకోగలిగినది ఇదొక్కటే.

యంత్రం ఎంత మంచిదైనా నేను అక్కడితో తృప్తి పడేవాణ్ణి కాదు, దానికి పాత కారణం ఒకటుంది. మా ఇంట్లో ఒక బీరువా అరలో ఇరవై ఏళ్ల నాటి రిపోర్టులు దాచి ఉంచాను. వాటిలో వేరే ఊరి చిన్న ల్యాబ్ ఒకటి ఇచ్చినవి మూడున్నాయి: ఒకటి మా అమ్మ జ్వరానిది, ఒకటి మా అబ్బాయి దగ్గుది, ఒకటి నా శస్త్రచికిత్సకు ముందుది. మూడింటిలోనూ చేత్తో రాసిన తెల్ల కణాల శాతాలు ఇవే: న్యూట్రోఫిల్స్ 65, లింఫోసైట్స్ 30, ఇసినోఫిల్స్ 3, మోనోసైట్స్ 2, బేసోఫిల్స్ సున్నా. మూడు వేర్వేరు శరీరాలు, మూడు వేర్వేరు సందర్భాలు, లెక్క మాత్రం ఒక్కటే. మైక్రోస్కోపు మీద దుమ్ము కూడా తుడవకుండా రాసిన రిపోర్టులని నాకు తర్వాత అర్థమైంది. అప్పటి నుంచి ఏ ల్యాబ్‌ను తూచాలన్నా నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ కణాలను ఎవరైనా కంటితో చూశారా?

ఇక్కడ చూస్తారు. నా నమూనా పెట్టగానే యంత్రం, ఎదగని కణాలున్నాయన్న హెచ్చరిక గుర్తు చూపింది. అలాంటి గుర్తు వస్తే రిపోర్టు ఆపి, గాజు పలకను లీష్మన్ రంగుతో అద్ది, పెథాలజీ డాక్టరు స్వయంగా వంద తెల్ల కణాలను లెక్కించాకే సంతకం చేయడం ఇక్కడి నియమమట. ఆ డాక్టరమ్మను, నేను ఒకప్పటి జంతుశాస్త్రం మాస్టారునని చెప్పి, నా పలకను నేనూ చూస్తానని అడిగాను. ఆమె నవ్వి, నూనె చుక్క వేసి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూపే కటకం కింద పెట్టి కుర్చీ ఇచ్చారు. ఇంత రద్దీలో ఇది వారి ధర్మంలో భాగం కాదు; కాబట్టి ముందు తగ్గించిన మార్కును ఇక్కడ తిరిగి కలుపుతున్నాను.

గులాబీరంగు ఎర్ర కణాల మధ్య ఊదారంగు కేంద్రకాలతో న్యూట్రోఫిల్స్ ఎక్కడ చూస్తే అక్కడే ఉన్నాయి. మామూలుగా వాటి కేంద్రకం రెండు నుంచి అయిదు తమ్మెలుగా విడిపోయి, సన్నని దారాలతో కలిసి ఉంటుంది. నా పలకలో వందలో పన్నెండు కణాలకు ఆ తమ్మెలు ఇంకా విడివడనే లేదు. కేంద్రకం లాడెంలా వంగిన పట్టీగా ఉంది. అవి పూర్తిగా ఎదగకముందే మజ్జ నుంచి బయలుదేరిన లేత కణాలు. చేత్తో లెక్కించే పట్టికలో లేత కణాలను ఎడమవైపు గడుల్లో రాసే పాత అలవాటు వల్ల డాక్టర్లు దీన్ని 'షిఫ్ట్ టు లెఫ్ట్' అంటారు. చాలా కణాల్లో, క్రిములను చంపే సరుకును దాచుకునే రేణువులు మామూలు కంటే ముదురుగా, మొరటుగా ఉన్నాయి. రిపోర్టులో వాటిని 'టాక్సిక్ గ్రాన్యులేషన్' అని రాశారు. పేరులో విషం ఉంది గాని, విషమేమీ కాదు. హడావిడిగా తయారై వచ్చినందువల్ల రేణువులు తొలి దశ రంగును వదులుకోలేదు, అంతే. ఆరోగ్యవంతుడి మజ్జ రోజుకు సుమారు పది వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది; క్రిములు సోకితే ఆ ఉత్పత్తి ఇంకా పెరుగుతుంది. నాట్ల రోజుల్లో కూలీలు దొరకక బడి పిల్లలను కూడా పొలంలో దింపినట్లు, మజ్జ ఆ లేత కణాలను పంపింది.

పలక మీద కనబడేవి దారిలో ఉన్న కణాలే. పోరు జరుగుతున్నది నా పాదంలో. ముల్లుతో పాటు బాక్టీరియా చర్మం కిందకు చేరగానే, ముందే అక్కడ కాపురమున్న, క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు వాటిని పసిగట్టాయి. ఫలానా సూక్ష్మజీవి అని పేరు పెట్టి గుర్తించే శక్తి వీటికి లేదు. బాక్టీరియా గోడల్లో తప్ప మన శరీరంలో ఎక్కడా ఉండని కొన్ని అణువులను టోల్ తరహా గ్రాహకాలతో తడిమి, బయటివాడు వచ్చాడని తెలుసుకుంటాయి. ఈ టోల్ జన్యువు రోగనిరోధకతకు అవసరమని మొదట తెలిసినది పండ్ల ఈగలో, 1996లో. 1998లో ఎలుకల్లో దానికి సాటివచ్చే గ్రాహకం బయటపడింది. ఈ పరిశోధనలకు జూల్స్ హాఫ్‌మన్, బ్రూస్ బ్యూట్లర్‌లకు 2011లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. మామిడిపండు మీద ముసిరే ఈగలోనూ, దాన్ని తోలే మనలోనూ ఒకే తరహా కాపలా ఉందన్నది నా పాఠాల్లో పిల్లలు నమ్మడానికి ఇష్టపడని విషయం.

మాక్రోఫేజ్‌ల కేకతో, పక్కనున్న మాస్ట్ కణాలు వదిలిన హిస్టమిన్‌తో నాళాలు వెడల్పై, ద్రవం బయటికి ఊరింది. నా పాదం ఎరుపు, వేడి, వాపు అదే. లోపల నాళాల గోడలకు బంక వంటి అణువులు మొలిచాయి. వేగంగా పోతున్న న్యూట్రోఫిల్స్ వాటికి తగులుకుని మొదట దొర్లుతాయి, తర్వాత గట్టిగా అతుక్కుని నిలిచిపోతాయి, ఆపైన గోడ కణాల సందుల్లోంచి తమ శరీరాన్ని సన్నగా సాగదీసుకుని బయటపడతాయి. అక్కడి నుంచి రసాయనాల జాడ ఎటు చిక్కగా ఉంటే అటు పాకుతాయి. చీమలు బెల్లం దారి పట్టినట్లేనని తరగతిలో చెప్పేవాణ్ణి. ఈలోగా రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు బాక్టీరియా ఒంటి మీద అతుక్కుని, జారిపోకుండా పట్టు ఇస్తాయి.

పట్టిన బాక్టీరియాను న్యూట్రోఫిల్ తన పొరతో చుట్టి మింగి, సంచిలో బంధించి, దానిలోకి రేణువులను ఒంపుతుంది. అప్పుడు ఆక్సిజన్ ఖర్చు ఒక్కసారిగా పెరిగి సూపరాక్సైడ్, దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ పెరాక్సైడ్‌ను క్లోరైడ్‌తో కలిపి హైపోక్లోరస్ ఆమ్లంగా మారుస్తుంది. మున్సిపాలిటీ వాళ్లు మంచినీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపినప్పుడు క్రిములను చంపేది కూడా ఈ ఆమ్లమే. ఆ ఎంజైమ్‌ది పచ్చని రంగు. చీములో కనబడే పచ్చదనానికి అదొక కారణం. కొన్ని న్యూట్రోఫిల్స్ మింగడంతో ఆగక, తమ కేంద్రకంలోని డీఎన్ఏ దారాలనే వలగా విసిరి బాక్టీరియాను చిక్కించుకుంటాయని 2004లో బెర్లిన్ పరిశోధకులు చూపారు. మరునాడు డాక్టరు గారు నా పాదం నుంచి తీసిన చీములో ముల్లు కొనతో పాటు ఉన్నది చాలావరకు ఇలా పని ముగించుకుని చచ్చిన న్యూట్రోఫిల్సే. దాన్ని చూసి మా ఆవిడ ముఖం తిప్పుకుంది. నాకు మాత్రం కొంచెం కృతజ్ఞత కలిగింది.

నాకు దిగినది కూడా ముల్లే కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1882లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప లార్వాల ఒంట్లో సన్నని ముళ్లు గుచ్చి, తెల్లవారి చూసేసరికి ఆ ముళ్ల చుట్టూ కదిలే కణాలు మూగి ఉన్నాయి. శరీరం తన కణాలతో తానే పోరాడుతుందన్న భావన అక్కడి నుంచే నడిచింది. 1908లో ఆయనకు పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. రంగులు అద్ది తెల్ల కణాలను రకాలుగా విడదీసే పద్ధతికి దారి వేసినవాడు ఆ ఎర్లిక్ కావడం వల్ల, గాజు పలక మీద నేను చూసిన దృశ్యంలో ఇద్దరికీ వాటా ఉంది.

మళ్లీ రిపోర్టుకు వస్తాను. మొత్తం తెల్ల కణాలు ఘన మిల్లీమీటరుకు 16,800; పెద్దవారిలో ఉండవలసినది 4,000 నుంచి 11,000. న్యూట్రోఫిల్స్ 86 శాతం, లింఫోసైట్స్ 9, మోనోసైట్స్ 4, ఇసినోఫిల్స్ 1. రెండు గంటల్లో ఫోనుకు వచ్చింది. ఇక్కడే ఈ కేంద్రం మీద నా పెద్ద అభ్యంతరం ఉంది. లింఫోసైట్స్ 9 శాతం పక్కన 'తక్కువ' అని సూచించే అక్షరాన్ని నల్లగా, ఒత్తుగా అచ్చు వేశారు. పొద్దున ఫోనులో అది చూసి మా అబ్బాయి హైదరాబాద్ నుంచి కంగారుగా మాట్లాడాడు. శాతం వాటా మాత్రమే చెబుతుంది, సంఖ్య చెప్పదు. 16,800లో 9 శాతమంటే 1,512. మామూలు హద్దు 1,000 నుంచి 3,000 కాబట్టి నా లింఫోసైట్స్‌కు ఏ లోటూ లేదు, న్యూట్రోఫిల్స్ పోటెత్తడంతో వాటి వాటా చిన్నదిగా కనిపించింది, అంతే. అసలు అంకె న్యూట్రోఫిల్స్‌ది: 14,448, హద్దుకు రెండింతలు. యంత్రం ఈ అసలు సంఖ్యలను కూడా ఇస్తుంది. అవి రిపోర్టు రెండో పేజీలో చిన్న అక్షరాల్లో పడి ఉన్నాయి. వాటిని మొదటి పేజీకి తెచ్చి, పక్కన రెండు వాక్యాల తెలుగు వివరణ అచ్చు వేస్తే పైసా ఖర్చు ఉండదు. రోగులు తెలుగువాళ్లు, సిబ్బంది తెలుగువాళ్లు, రిపోర్టులో మాత్రం ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఆ లింఫోసైట్స్ గడిలో ఇంకొక కిటుకు కూడా ఉంది. పుట్టుకతో వచ్చే రక్షణకు చెందిన సహజ హంతక కణాలను, అంటే వైరస్ సోకిన కణాలను ముందస్తు పరిచయం లేకుండానే చంపే వాటిని కూడా, యంత్రం లింఫోసైట్స్ గానే లెక్కిస్తుంది. కాబట్టి ఆ గడిలో పాఠం నేర్చుకుని గుర్తుపెట్టుకునే కణాలూ, నేర్చుకోనక్కర్లేని కణాలూ కలిసే ఉంటాయి. వాటిని విడదీయాలంటే వేరే ఖరీదైన పరీక్ష కావాలి; మామూలు రోగికి దాని అవసరం ఉండదు.

ఇసినోఫిల్స్ ఒక శాతమే ఉండటం కూడా ఈ సందర్భంలో సహజమే, తీవ్రమైన బాక్టీరియా పోటులో అవి తగ్గుతాయి. వీటి అసలు పని పెద్ద పరాన్నజీవుల మీద. మింగడానికి వీలుకాని పురుగు మీదకు తమ రేణువులను వెదజల్లుతాయి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులు ఒంట్లో ఉన్నవారి రిపోర్టుల్లో ఈ గడి పెరిగి కనిపించడం ఉత్తర తెలంగాణ పాత డాక్టర్లకు పరిచితమే. ఆ జబ్బుకు వాడే హెట్రజాన్ మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చిందన్నది పక్క మాటే అయినా, ఇసినోఫిల్ పేరు వచ్చినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

సీఆర్‌పీ లీటరుకు 94 మిల్లీగ్రాములు వచ్చింది. ఉండవలసినది అయిదారు లోపే. పోరు పాదంలోనైతే ఈ ప్రోటీన్ తయారీ కాలేయంలో. మాక్రోఫేజ్‌లు పంపిన ఇంటర్‌ల్యూకిన్-6 కబురు అందుకుని కాలేయం దీన్ని కుప్పలుగా విడుదల చేస్తుంది. అదే కబుర్లు మెదడులోని ఉష్ణోగ్రత కేంద్రానికి చేరి, అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం ద్వారా జ్వరం పుట్టిస్తాయి. జ్వరం మాత్ర తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్‌నే, బాక్టీరియాను కాదు. మాత్ర వేసుకోగానే ఒళ్లు చల్లబడి రెండు రోజులు పుండును మరిచిపోయే చక్కెర రోగులు ఈ తేడా తెలుసుకోవాలి. మొదటి రాత్రి నేనూ అదే పొరపాటు చేయబోయాను.

బిల్లు కట్టే చోట ఇంకొక అమ్మాయి, వారి మీద ఉన్న ఒత్తిడి వల్లే కావచ్చు, "ఇమ్యూనిటీ ప్యాకేజీ కూడా చేయించుకోండి సార్, 2,999కే" అంది. జాబితా అడిగి చూశాను: విటమిన్-డి, బి12, ఐరన్, థైరాయిడ్, కొలెస్టరాల్, పైన మళ్లీ అదే సీబీపీ. ఇవి చెడ్డ పరీక్షలేమీ కావు. పోషకాహార లోపం రోగనిరోధక శక్తిని దెబ్బ తీయడమూ నిజమే. అయినా ఈ జాబితాలో న్యూట్రోఫిల్ ఎంత చురుగ్గా పాకుతుందో, మింగినదాన్ని చంపగలుగుతుందో లేదో చెప్పే పరీక్ష ఒక్కటీ లేదు. దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధి అనే అరుదైన పుట్టుక లోపంలో న్యూట్రోఫిల్స్ లెక్క సరిపడానే ఉంటుంది, మింగడమూ జరుగుతుంది. సూపరాక్సైడ్ పుట్టించే ఎంజైమ్ పనిచేయక, మింగిన బాక్టీరియా లోపల బతికే ఉంటుంది. దాన్ని పట్టే పరీక్ష వేరు, ఇలాంటి కౌంటర్ల దగ్గర దొరికేది కాదు. పాత సరుకుకు కొత్త పేరు పెట్టి అమ్మడం ఈ కేంద్రానికి తగని పని, దీనికి నా మార్కుల్లో కోత ఉంది.

సంఖ్యకూ సామర్థ్యానికీ మధ్య ఉన్న ఈ తేడా నాకు స్వయంగా వర్తించేది కూడా. నా చక్కెర ఆ రోజు 268 ఉంది. చక్కెర ఎక్కువగా ఉన్న రక్తంలో న్యూట్రోఫిల్స్ కదలిక, మింగే శక్తి, చంపే శక్తి అన్నీ మందగిస్తాయి. 14,448 మంది సైనికులున్నా సగం మంది బురదలో నడుస్తున్నట్లే. ఈ ముక్క రిపోర్టులో ఎక్కడా రాయరు, రాయాలని ఆశించడమూ న్యాయం కాదు. కానీ చక్కెర అంకెను, తెల్ల కణాల అంకెను పక్కపక్కన పెట్టి చూసి, నేను రిపోర్టు తీసుకునే లోపే డాక్టరమ్మ మా డాక్టరు గారికి ఫోను చేసి చెప్పారు. ఎదగని కణాలు పది శాతం దాటినా, చక్కెర రోగి కాలి పుండైనా రిపోర్టు కోసం ఆగకుండా ఫోను చేయడం తమ పద్ధతి అన్నారు. మూడు వందల రూపాయల సేవలో నేను చూసిన అత్యుత్తమ భాగం ఆ ఒక్క నిమిషం ఫోను.

చీము తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, ఇన్సులిన్ సర్దిన అయిదో రోజున రెండోసారి వెళ్లాను. ఆ రోజు డెంగీ భయంతో వచ్చినవారితో కుర్చీలన్నీ నిండి, టోకెన్ తీసుకున్న గంటా పది నిమిషాలకు పిలుపు వచ్చింది. డెంగీలో ప్లేట్‌లెట్లతో పాటు తెల్ల కణాలు కూడా తగ్గడం మామూలు గనుక, నా పక్కన కూర్చున్న చెల్లెమ్మ తన 2,900 లెక్కను, నా పాత 16,800 లెక్కను పోల్చి చూసుకుని, "నాయి మీకు పోయినట్టున్నయి అన్నా" అని నవ్వింది. పిల్లలకు, జ్వరంతో తూలుతున్నవారికి వేరే వరస పెట్టవచ్చు, అది చేయలేదు. నీళ్ల క్యాన్ ఖాళీగా ఉంది. మరుగుదొడ్డి శుభ్రంగానే ఉంది.

రెండో రిపోర్టు: మొత్తం 9,200, న్యూట్రోఫిల్స్ 64 శాతం, లింఫోసైట్స్ 26, మోనోసైట్స్ 6, ఇసినోఫిల్స్ 4, సీఆర్‌పీ 18. ఈసారి యంత్రం ఏ హెచ్చరికా ఇవ్వలేదు. అయినా క్రితంసారి లేత కణాలు కనబడ్డాయి కాబట్టి పొరను మళ్లీ కంటితో చూసి, లేత కణాలు లేవని ఒక వాక్యం రాశారు. న్యూట్రోఫిల్స్ వెనక్కి తగ్గి మోనోసైట్స్ వాటా కాస్త పెరగడం కూడా కోలుకునే దశకు తగినట్లే ఉంది. అవి రక్తం దాటి పుండులోకి వెళ్లి మాక్రోఫేజ్‌లుగా మారి, చచ్చిన న్యూట్రోఫిల్స్‌ను మింగి ఊడ్చి, కొత్త కండ రావడానికి చోటు చేస్తాయి.

నా మార్కులు ఇలా ఉన్నాయి: నమూనా సేకరణకు పదికి తొమ్మిది, కణాలను కంటితో సరిచూసినందుకు పదికి పది, రిపోర్టు అచ్చుకు నాలుగు, కౌంటరు దగ్గరి అమ్మకాలకు రెండు, మెట్లకు సున్నా. మళ్లీ అవసరమైతే, కాలు బాగుంటే, ఇక్కడికే వెళ్తాను.

వచ్చేముందు నా మొదటి గాజు పలకను జ్ఞాపకంగా ఇమ్మని అడిగాను. డాక్టరమ్మ కుదరదన్నారు, రక్తం అంటిన గాజును 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారమే పారవేయాలి, ఎంత మాస్టారైనా జేబులో పెట్టుకుని వెళ్లడానికి లేదన్నారు. ఫోనుతో కటకంలోంచి ఫొటో తీసుకోనిచ్చారు. లాడెంలా వంగిన కేంద్రకంతో ఒక లేత న్యూట్రోఫిల్, దాని పక్కన ముదిరిన రెండు, అంచున సగం తెగిన మోనోసైట్ ఒకటి అందులో పడ్డాయి.